తీగ కొనలు శుభ్రం చేయండి

ఇక్కడ అమెరికాలో, అరోరా ఊళ్ళో మా చుట్టుపక్కల ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు నేను రిటైరయ్యానని తెలిసినప్పటి నుంచి ఒకటే అడుగుతున్నారు. "ఆంటీ, మీ కెరియర్‌లో మెమొరబుల్ ప్రాజెక్ట్ ఏంటి?" చివర్లో పనిచేసిన పెద్ద వైద్య పరికరాల కంపెనీ గురించి చెబుతాననుకుంటారు. అక్కడ నాకు మంచి కుర్చీ, మంచి ఇన్సూరెన్స్ దొరికాయి గానీ చెప్పుకోదగ్గ సంగతి ఒక్కటీ దొరకలేదు. చెప్పుకోవలసింది అంతకుముందు చేసిన ఉద్యోగం గురించే. తలుచుకుంటే నాకు ముందుగా చిరాకు వస్తుంది. ఆ చిరాకుతోనే చెబుతాను, ఓపిగ్గా వినండి.

గుంటూరులో జూనియర్ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పేదాన్ని. మావారి వీసా మీద ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళు ఇంట్లో కూర్చున్నాను. గ్రీన్ కార్డు చేతికొచ్చేసరికి నలభై దాటాయి. ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ళంతా అమెరికా అనుభవం ఉందా అని అడిగేవాళ్ళు. అడగనివాడు ఒక్కడే. ఆయన వరంగల్ వైపు మనిషి. పెద్ద టెలికాం కంపెనీలో రేడియో ఇంజనీరుగా పనిచేసి, లేఆఫ్‌లో బయటికొచ్చి, గోడౌన్ల మధ్య ఒక చిన్న యూనిట్ అద్దెకు తీసుకుని సొంతంగా కంపెనీ పెట్టుకున్నాడు. ఆయన, పార్టులు లెక్కపెట్టి సంచుల్లో వేసే ఒక మెక్సికన్ ఆవిడ, నేను. అంతే మా కంపెనీ.

మేం అమ్మేది అమెచ్యూర్ రేడియో కిట్. లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. వాళ్ళు కొనుక్కుని, ఇంట్లో కూర్చుని తమ చేత్తో తయారు చేసుకునే రేడియో అది. అరచేతిలో పడుతుంది. మాటలు పోవు, మోర్స్ కోడ్ చుక్కలూ గీతలూ మాత్రమే పోతాయి. డబ్బాలో ఒక బోర్డు, సంచీ నిండా మినపగింజల్లాంటి పార్టులు, వాటిని ఎక్కడ పెట్టాలో, ఎలా సోల్డర్ చేయాలో, అంటే టంకం వేసి ఎలా అతికించాలో చెప్పే పుస్తకం ఉంటాయి. ఆ పుస్తకం రాయడమే నా ఉద్యోగం.

మా బాస్ నోట్స్ రాసిస్తే నేను దాన్ని మంచి ఇంగ్లీషులో పెట్టాలి. ఆయన నోట్స్ పాతకాలం టెలిగ్రాముల్లా ఉండేవి. వాక్యం ఉండదు, వివరం ఉండదు. ఏదైనా అడిగితే, "గదంత అందరికి తెలుసు మేడమ్" అనేవాడు. బోర్డు మీద కాయిల్, అంటే రాగి తీగ చుట్ట, పెట్టే చోట ఆయన రాసింది రెండే మాటలు: తీగ కొనలు క్లీన్ చేయాలి, సోల్డర్ చేయాలి.

"ఎలా క్లీన్ చేయాలి సార్?" అని అడిగాను.

"ఎట్లనన్న చేస్కుంటరు. మీరు రాయున్రి."

ఇంకోచోట బోర్డును రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవమని ఉంది. మాట అందంగా కుదురుతుందని ఇక్కడ కూడా అదే రాశాను: తీగ కొనలను ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడిచి శుభ్రం చేయండి. ఆయన చదివాడో లేదో తెలియదు, బాగుందన్నాడు. ప్రింటుకి వెళ్ళిపోయింది.

కిట్లు అమ్ముడయ్యాయి. ఆరితేరినవాళ్ళు ఇంటర్నెట్‌లో మెచ్చుకుంటూ రాశారు. ఆ వెనకే ఫోన్లు మొదలయ్యాయి. కొత్తగా చేసేవాళ్ళందరిదీ ఒకటే మాట. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేశాం, రేడియో ఊపిరి తీయడం లేదు. ఫోన్లు ఎత్తడానికి వేరే మనిషి లేదు కాబట్టి ఎత్తేదాన్ని నేనే. నాకు ఇంగ్లీష్ వచ్చు గానీ రేడియో ఓనమాలు కూడా రావు. బాస్‌ని అడిగితే విసుక్కునేవాడు.

"వాళ్లకు సోల్డరింగ్ రాదు మేడమ్. పంపియ్యమనున్రి, నేను చూస్త."

పంపేవాళ్ళు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, బాగా కాలిన సోల్డరింగ్ ఐరన్‌తో బోర్డు మీద అక్కడక్కడా నొక్కిపెట్టేవాడు. రెండు నిమిషాల్లో రేడియో బుస్సుమనేది. "సూసిన్రా? నా చేతికొస్తే పలుకుతది" అని నవ్వి తిప్పి పంపేసేవాడు. ఎక్కడ ఏం పోయిందని అడిగితే, "సోల్డర్ సరిగ్గ అంటలే" అనేవాడు. ప్రతి కిట్‌కీ అదే జవాబు. ఇంతమంది సోల్డర్‌ని అంటించలేని దద్దమ్మలా అని నాకు అనుమానం. మాన్యువల్ నాది కాబట్టి, నింద చివరికి నా మీదికే వస్తుందని భయం కూడా.

అందరూ తిప్పి పంపారు గానీ ఒక్కాయన పంపనన్నాడు. అయోవాలో ఏదో చిన్న ఊరు. స్కూలు బస్సు నడిపి రిటైరైన పెద్దాయన. వారానికి ఒకసారైనా ఫోన్ చేసేవాడు. నన్ను "యంగ్ లేడీ" అని పిలిచేవాడు. నా మోకాళ్ళ నొప్పులకి ఆ పిలుపు తగలరాని చోట తగిలేది. చాలా నెమ్మదిగా మాట్లాడతాడు, పుస్తకం మొదటి పేజీ నుంచి చదివి వినిపిస్తాడు.

"సార్, దయచేసి మాకు పంపండి, ఉచితంగా బాగుచేసి ఇస్తాం" అని ఎన్నోసార్లు చెప్పాను.

"నేను చేసుకోవడానికి కొన్నాను, చేయించుకోవడానికి కాదు. తప్పు ఎక్కడుందో చెప్పు, నేనే దిద్దుకుంటాను."

తప్పు ఎక్కడుందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఫోన్ పెట్టేశాక తల పట్టుకునేదాన్ని. తరువాత ఒక నెలంతా ఆయన ఫోన్ రాలేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఇంతలో పక్క ఊళ్ళో ఒక రేడియో క్లబ్ వాళ్ళు ఒకేసారి బోలెడు కిట్లు ఆర్డర్ చేశారు. శనివారం పబ్లిక్ లైబ్రరీ హాల్లో కొత్తవాళ్ళందరినీ కూర్చోబెట్టి తయారు చేయిస్తారట. మా కంపెనీ నుంచి సాయానికి మనుషులు రావాలన్నారు. అప్పటికే బాస్ వాపసు వచ్చే కిట్లతో విసిగిపోయి ఉన్నాడు. మా ఇద్దరినీ పిలిచి చెప్పేశాడు.

"ఈ శనివారం గూడ గిట్లనే అయితే కిట్ల దుకాణం బంద్ చేస్త. నాతోని కాదు. నేను కన్సల్టింగ్ చేస్కుంట."

అంటే మా ఇద్దరి ఉద్యోగాలూ పోతాయన్నమాట. మెక్సికన్ ఆవిడకి తెలుగు రాదు, అయినా ఆయన ముఖం చూసి అంతా అర్థం చేసుకుని నా వైపు చూసింది.

"మీరు గూడ అక్కడ నిలవడాలె మేడమ్. ఐరన్ పట్టుడు రాకుంటే ఇజ్జత్ పోతది. ఒక కిట్ తీస్కొని చేయున్రి" అన్నాడు.

"నేను లిటరేచర్ చదువుకున్నాను సార్."

"పుస్తకం మీరే రాసిన్రు గదా. చదువుకుంట చేయున్రి."

ఎవరు రాసిన పుస్తకాన్ని వాళ్ళే పాటించి చూడాలనడం ఎంత న్యాయమో, అంత ఒళ్ళు మండే సంగతి కూడా. ఆ సోమవారం బల్ల ముందు కూర్చున్నాను. మొదటి గంటలోనే వేలు కాల్చుకున్నాను. సోల్డర్ పెట్టాల్సిన చోట పెడితే పక్కచోటికి పాకింది. ఒక పార్టు చేతిలోంచి ఎగిరి ఎక్కడ పడిందో తెలియక, మెక్సికన్ ఆవిడా నేనూ నేలమీద మోకాళ్ళ మీద పాకి వెతికాం. అది నా జడలో దొరికింది. ఇంట్లో వంట చేయడానికి చేతులు రాక బయటి నుంచి తెప్పిస్తే, మావారు నా వేళ్ళకున్న ప్లాస్టర్లు చూసి, "నీది రైటింగ్ జాబ్ అనుకున్నానే!" అన్నారు. ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు.

అన్నింటికన్నా కష్టం కాయిల్ చుట్టడం. చిటికెన వేలి ఉంగరమంత రింగు, దాని మీద వెంట్రుక కన్నా కాస్త లావుగా ఉన్న రాగి తీగ. చుట్టినకొద్దీ జారుతుంది. లెక్క తప్పుతుంది. విప్పి మళ్ళీ చుట్టాలి. ఇది రాసినప్పుడు నేను "తీగను రింగు మీద చక్కగా చుట్టండి" అని ఎంత హాయిగా రాశానో గుర్తొచ్చి, ఆ రాసినావిడని నాలుగు తిట్టాలనిపించింది. చివరికి ఎలాగో చుట్టాను. తీగ కొనలను ఆల్కహాల్‌తో భక్తిగా తుడిచాను. రాగి తళతళా మెరిసింది. సోల్డర్ చేశాను.

గురువారం మధ్యాహ్నానికి అన్ని పార్టులూ పెట్టడం అయిపోయింది. బ్యాటరీ తగిలించి హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకున్నాను. ఏమీ లేదు. బుస్సు లేదు, గరగర లేదు. మూసిన పెట్టెలో తల పెట్టినట్టుంది. నాలుగు రోజుల చాకిరీ.

బాస్ వచ్చి నా ముఖం చూసి నవ్వాడు. చెయ్యి చాపాడు.

"ఇటియ్యున్రి మేడమ్. రెండు నిమిషాలు."

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కోపం, బోర్డును రెండు చేతులతో గుండెలకి హత్తుకున్నాను.

"ముట్టుకోవద్దు సార్."

"అరె, బాగుచేస్త అంటున్న గదా!"

"అదే వద్దంటున్నాను. మీరు ముట్టుకుంటే పనిచేస్తుంది. ఎందుకు చేసిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. శనివారం అంతమంది కిట్లు మీరొక్కరే ముట్టుకుంటారా? చేతులు వెనక్కి పెట్టుకోండి. ఏం చేయాలో నోటితో చెప్పండి, నేను చేస్తాను."

ఉద్యోగం ఎలాగూ పోతుందన్న తెగింపు కాబోలు, లేకపోతే యజమానితో అలా మాట్లాడే మనిషిని కాను. ఆయన ఏమనుకున్నాడో చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఇక అక్కడి నుంచి చూడాలి ఆయన అవస్థ! ఈత వచ్చినవాణ్ని ఒడ్డున నిలబెట్టి ఈత ఎలా కొట్టాలో చెప్పమన్నట్టే ఉంది. "అక్కడ జరంత..." అంటాడు, చెయ్యి ముందుకు వస్తుంది, మళ్ళీ వెనక్కి పోతుంది. "ఎక్కడ సార్?" అంటే, "గక్కడనే" అంటాడు. నాకు పిచ్చెక్కింది. ఆయనకి అంతకన్నా ఎక్కువ ఎక్కింది.

చివరికి, "మీరు వాపసు వచ్చినవాటిలో మొదట ఎక్కడ ఐరన్ పెడతారు?" అని అడిగాను.

"కాయిల్ కాడ. గక్కడ సోల్డర్ అంటదు ఎవరికి."

"నాకు అంటింది. చూడండి, ఎంత నున్నగా ఉందో."

ఆయన భూతద్దం పెట్టి వంగి చూశాడు. "బాగనే ఉన్నది. తీగ కొనలు క్లీన్ చేసిన్రా?"

"చేశాను."

"మంచిగ చేసిన్రా?"

"రెండుసార్లు తుడిచాను సార్, ఆల్కహాల్‌తో."

ఆయన తల పైకెత్తాడు. "తుడిచిన్రా?"

"తుడిచాను."

"తుడుసుడు ఏంది మేడమ్! గీకాలె! బ్లేడ్‌తోని గీకాలె. ఆ తీగ మీద వార్నిష్ ఉంటది. రాగి లెక్కనే కనవడతది గని వార్నిష్. కరెంటు పోదు."

"గీకమని ఎక్కడ చెప్పారు?"

"క్లీన్ చెయ్యమని చెప్పిన గదా!"

"క్లీన్ చేయడం అంటే గీకడమా? ప్రపంచంలో ఎవరికైనా ఆ మాటకి ఆ అర్థం తెలుసా?"

"మా వరంగల్‌ల మోటార్ వైండింగ్ షాపుల కూసున్నోనికి ఎవనికైన తెలుసు!"

"నేను మోటార్ వైండింగ్ షాపులో చదువుకోలేదు సార్. ఆ ఫోన్లు చేసేవాళ్ళు కూడా చదువుకోలేదు!"

మా అరుపులకి మెక్సికన్ ఆవిడ లోపలికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. బాస్ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన కాలిన ఐరన్‌తో నొక్కిపెట్టినప్పుడల్లా ఆ వేడికి పూత మాడిపోయి, సోల్డర్ రాగికి అంటుకునేదన్నమాట. ఇన్నాళ్ళూ అది తన చేతి మహిమ అనుకున్నాడు. నేనేమో నా ఇంగ్లీషు మహిమ కొద్దీ గీకాల్సినదాన్ని తుడిపించాను. ఇద్దరం కలిసి బోలెడుమందిని దద్దమ్మల్ని చేశాం.

కొనలు ఊడదీసి, బ్లేడుతో గీకి, మళ్ళీ సోల్డర్ చేశాను. ఇక సినిమాలో అయితే రేడియో మోగాలి. మోగలేదు. చూడగా చూడగా నేను ట్రాన్సిస్టర్ అనే ఒక పార్టు‌ను తిరగేసి పెట్టానని తేలింది. అది మాత్రం పుస్తకంలో సరిగ్గానే రాసి ఉంది. బాస్ ముఖం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను. దాన్ని పీకి మళ్ళీ పెట్టేసరికి ఇంకో వేలు కాలింది. ఈసారి బ్యాటరీ తగిలించగానే చెవుల్లో వాన కురిసిన చప్పుడు. ఆ వాన వెనక ఎక్కడో, ఎవరో కిటికీ మీద గోటితో కొడుతున్నట్టు సన్నగా చుక్కలూ గీతలూ. ఎవరో ఎవరితోనో మాట్లాడుకుంటున్నారు, అది నా చేతిలోని ఈ ముద్దముద్దల సోల్డర్ గుండా నా చెవికి చేరుతోంది. కన్నీళ్ళొచ్చాయి. సోల్డర్ పొగ వల్ల అని చెప్పాను.

ఆ సాయంత్రమే అయోవా పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన కూతురు ఎత్తింది. నాన్న పడుకున్నాడనీ, ఆ రేడియో సామాను డబ్బాలో పెట్టేసి ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడనీ చెప్పింది. "దయచేసి ఇవ్వకండి. తప్పు మాది అని చెప్పండి. తీగ కొనలు కత్తితో గీకమని చెప్పండి" అన్నాను. ఆవిడకి ఎంత అర్థమైందో తెలియదు.

శుక్రవారమంతా క్లబ్ కిట్లలో పెట్టడానికి ఒక సవరణ కాగితం రాశాను. ఈ తీగ మీద కంటికి కనబడని పూత ఉంటుంది, రాగిలాగే మెరుస్తుంది, ఆ మెరుపును నమ్మకండి, గీకితే రంగు మారుతుంది, మారేదాకా గీకండి. బాస్ చదివి, "గింత పొడుగు ఎందుకు?" అన్నాడు. నేను ప్రింట్ తీశాను. శనివారం లైబ్రరీలో ఆయన ఐరన్ మెక్సికన్ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో దాచేసింది. ఆయన బల్లల మధ్య తిరుగుతూ నోటితోనే చెప్పాడు, చాలా బాధపడుతూ చెప్పాడు. ఒకాయన బ్యాటరీ తిరగేసి తగిలించి పొగ రప్పించాడు. ఇద్దరు ముగ్గురు సగంలో ఉండగా ఇంటికి తీసుకెళ్ళారు. మిగతా రేడియోలన్నీ సాయంత్రానికి ఒక్కొక్కటే బుస్సుమన్నాయి. మోగిన ప్రతిసారీ హాలంతా చప్పట్లు. కారెక్కేటప్పుడు దుకాణం బంద్ మాట బాస్ ఎత్తలేదు, మేమూ గుర్తు చేయలేదు.

సోమవారం ఉదయం పెద్దాయన ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో పెట్టాను, బాస్, నేను ఇద్దరం విన్నాం.

"యంగ్ లేడీ, గీకాను" అన్నాడు.

"పనిచేసిందా సార్?"

ఆయన రేడియో దగ్గరికి ఫోన్ పట్టుకున్నాడు. బుస్సుమని వాన చప్పుడు.

తరవాత ఆయన చెప్పింది మీకు చెప్పాలనే ఇంత కథా మొదలుపెట్టాను. చేతులు కాస్త వణుకుతున్నాయని ఆ మధ్య కూతురు కారు తాళాలు తీసేసుకుందట. బస్సు నిండా పిల్లల్ని ఎక్కించుకుని మంచులో నడిపిన మనిషి. మాటలు కూడా మర్చిపోతున్నావు నాన్నా అంటోందట. నిజమేనా అని తనను తానే పరీక్షించుకోవడానికి ఈ కిట్ కొన్నాడు. ప్రతి మెట్టూ పుస్తకంలో ఉన్నట్టే చేశాడు. మళ్ళీ మొదటి నుంచి చూసుకున్నాడు. పనిచేయలేదు. కూతురు చెప్పిందే నిజమనుకుని డబ్బా మూసేశాడు.

"అయితే తప్పు నా తలలో లేదన్నమాట" అన్నాడు.

అప్పుడు, కస్టమర్లతో ఎన్నడూ మాట్లాడని మా బాస్ ఫోన్ తీసుకున్నాడు. "సార్, ఆ రేడియో డిజైన్ చేసింది నేను. తప్పు మాది. మీరు చెయ్యాల్సింది అంతా సరిగ్గానే చేశారు" అన్నాడు ఇంగ్లీషులో.

"అయితే ఈ సాయంత్రం రేడియోలోకి రా. నా చేతి మోర్స్ విని, బాగుందో లేదో నువ్వే చెబుదువు" అన్నాడు పెద్దాయన.

పార్కింగ్ లాట్ చివర ఉన్న చెట్టు మీదికి బాస్ యాంటెనా తీగ విసిరాడు. తన మంచి రేడియో తీయబోతే, నాది పెట్టమన్నాను. లైసెన్సు ఆయనది, రేడియో నాది. చెప్పిన వేళకి వాన చప్పుడులోంచి చుక్కలూ గీతలూ వచ్చాయి. చాలా నెమ్మదిగా వచ్చాయి, అక్కడక్కడా తడబడి, ఆగి, మళ్ళీ అందుకుని. నాకు అక్షరం తెలియదు. బాస్ చేతి మీద పెన్నుతో రాసుకుంటున్నాడు.

"ఏమంటున్నాడు సార్?"

"ఊరు పేరు చెప్పిండు. 'ఈ రేడియో నేనే చేసిన' అంటుండు." కాసేపు విన్నాడు. "మళ్ల గదే అంటుండు, మేడమ్."

బాస్ జవాబు కొట్టడం మొదలుపెట్టాడు. ఆయన వేగం టపటపటపా పోతోంది. "నెమ్మదిగా కొట్టండి సార్, పెద్దాయన అందుకోవద్దూ!" అని భుజం మీద తట్టాను. విసుక్కున్నాడు గానీ నెమ్మదించాడు. చాలాసేపు మాట్లాడుకున్నారు. చెయ్యి బాగుందని చెప్పానన్నాడు. అబద్ధమా అని నేను అడగలేదు.

తీగ చుట్టుకుంటూ బాస్ అన్నాడు, "కొత్త కిట్ డిజైన్ అయిపోయింది మేడమ్. ఈసారి నోట్స్ ఇయ్య. సంచీ ఇస్త. మీరు చేసుకుంట రాయున్రి, ఆగినకాడ నన్ను అడుగున్రి."

నాకు ఒళ్ళు మండిపోయింది. పాత బొబ్బలే ఇంకా మానలేదు. కొత్తదానికి మొత్తం కాయిల్స్ ఎన్నని అడిగాను. మొదటిదానికన్నా ఎక్కువన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, చేతికి ప్లాస్టర్లు వేసుకుని బల్ల ముందు కూర్చున్నాను.